స్కాలర్‌షిప్పుల సభలో లాఠీచార్జి

ఆ గురువారం పొద్దున ఆరింటికే త్రినాథరావు స్నానం ముగించి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మధురానగర్‌లో తానుంటున్న అద్దె వాటా వరండాలో నిలబడి ఆ రోజు పనులు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. దారిలో పూలదండలు కొనాలి. తొమ్మిదింటికి ఫిల్మ్‌నగర్ ఆఫీసు దగ్గర ఆరుగురు విద్యార్థుల్ని వ్యానెక్కించుకోవాలి. పదిన్నరకల్లా జూబ్లీహిల్స్‌లో నిర్మాత సూర్యప్రకాశరావుగారి ఇంట్లో ఉండాలి. పదకొండింటికి సభ, ఆపైన భోజనాలు. మొత్తం పనులన్నీ ఒక్క చేతి వేళ్ళకే సరిపోయాయి. పదిహేనేళ్ళుగా ప్రొడక్షన్ మేనేజరుగా ఉన్నా ఇంత సుళువైన రోజు ఎన్నడూ రాలేదనిపించి, లోపల్లోపల కాస్త కంగారు పుట్టింది కూడా.

"కాఫీ ఇచ్చి పావుగంటైంది. కూర్చుని తాగొచ్చు కదండీ" అంది భార్య అమ్మాజీ.

"కూర్చుంటే ఏదో ఒకటి మర్చిపోతానే" అన్నాడు త్రినాథరావు గ్లాసు అందుకుంటూ.

సూర్యప్రకాశరావుగారి తండ్రి అచ్యుతరామయ్యగారు కాలవల ఓవర్సీరుగా చేసి పోయారు. కొడుకును ఇంజనీరును చెయ్యాలని ఆయనకు మహా కోరిక. కొడుకేమో కాలేజీలో చేరిన నాలుగో నెలలోనే మద్రాసు రైలెక్కి సినిమాల్లో తేలాడు. పరిశ్రమ హైదరాబాదుకు తరలివస్తే తనూ వచ్చి, బండరాళ్ళ మీద మూడంతస్తుల ఇల్లు కట్టాడు. ఈ పందొమ్మిదివందల తొంభై మూడులో, తండ్రి వర్ధంతికి, యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదివే పిల్లలకి ఆయన పేరిట మెరిట్ స్కాలర్‌షిప్పులు ఇస్తానని ప్రకటించాడు. పని త్రినాథరావు నెత్తిన పడింది.

మొదట్లో అతను విసుక్కున్నాడు. కానీ మూడువందల పై చిలుకు దరఖాస్తుల్ని ఇంటికి తెచ్చుకుని, నెల రోజులపాటు అమ్మాజీతో కలిసి చదివాక మాత్రం ఆ పిల్లలు సొంతవాళ్ళయిపోయారు. ఎవరికి గణితంలో ఎన్ని మార్కులొచ్చాయో అడక్కుండా చెప్పగలడు. ముఖ్యంగా బాలాత్రిపురసుందరి అనే అమ్మాయి. సివిల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, యూనివర్సిటీలో రెండో ర్యాంకు. తండ్రి లేడు, తల్లి పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది. ఈ నెలాఖరులోగా ఫీజు కట్టకపోతే పరీక్షకి హాల్‌టికెట్ ఇవ్వరు. ఆ కాగితం చదివిన రోజు అమ్మాజీ కళ్ళు తుడుచుకుంది. అయితే అతనికి వాళ్ళ మార్కులు తెలుసుగానీ మొహాలు తెలియవు.

పూలకొట్టు దగ్గర ఆలస్యమై, త్రినాథరావు ఆఫీసు చేరేసరికి తొమ్మిదీ ఇరవై ఐదు. గేటు ముందు నలుగురు కుర్రాళ్ళు, ఇద్దరు అమ్మాయిలు నిలబడి ఉన్నారు. శుభ్రమైన బట్టలు, చేతుల్లో పుస్తకాలు. సరిగ్గా ఆరుగురు.

"కాలేజీ స్టూడెంట్లేనా?" అన్నాడు స్కూటర్ మీంచే.

"అవును సార్" అన్నారు ఆరుగురూ ఒక్క గొంతుతో.

"ఎక్కండెక్కండి, టైమైపోయింది" అని వాళ్ళని వ్యానులోకి తోసి, తను ముందు సీట్లో దండల బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దారిపొడవునా వాచీ చూసుకుంటూనే ఉన్నాడు. వెనక్కి తిరిగి ఒక్క మాట మాట్లాడే తీరిక లేదు.

వ్యాను జూబ్లీహిల్స్ ఎత్తెక్కి ఇంటి ముందు ఆగింది. షామియానా చూడగానే వెనక కూర్చున్న అమ్మాయి ముందుకు వంగి అడిగింది.

"సార్, పెళ్ళి సీనా, చావు సీనా అండీ? ముందే చెప్తే మొహం సర్దుకుంటాను."

త్రినాథరావు ఒళ్ళో బుట్ట జారింది. "నువ్వెవరమ్మా?"

"లీలాకుమారినండీ. జూనియర్ ఆర్టిస్టుని. ఇవాళ మీ కాలేజీ పిక్చర్లో సమ్మె సీనుకి స్టూడెంట్లు కావాలన్నారంటగా? మా బస్సు లేటయింది. వచ్చేసరికి కంపెనీ బండి వెళ్ళిపోయింది."

"మరి ఆ బండిలో ఎవరెళ్ళారు?"

"ఎవరో ఆరుగురు ఫైళ్ళు పట్టుకుని నిలబడుంటే, అసిస్టెంట్ డైరెక్టరుగారు 'కాలేజీ స్టూడెంట్లేనా' అని అడిగి ఎక్కించుకు పోయిండట సార్. వాచ్‌మన్ చెప్పిండు" అన్నాడు పక్కనున్న కుర్రాడు. బోరబండ నుంచి వచ్చిన అతని పేరు యాదగిరి.

త్రినాథరావుకి ఆగస్టు నెలలో ముచ్చెమటలు పోశాయి. యూనివర్సిటీ ర్యాంకర్లు ఈపాటికి ఫిల్మ్‌నగర్ గుట్ట మీద కాలేజీ సెట్టులో లాఠీ దెబ్బలు తింటూ ఉంటారు. అక్కడ ఫోను లేదు. ఇక్కడేమో షామియానా కింద పత్రికలవాళ్ళు కెమెరాలు సర్దుకుంటున్నారు. అతను డ్రైవరు చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు గాల్లో వెళ్ళి ఆ పిల్లల్ని తీసుకురా నాయనా. ముందు గేటు నుంచి కాదు, పెరటి దోవన తీసుకొచ్చి వంటవాళ్ళ దగ్గర కూర్చోబెట్టు. తర్వాత నేను మార్చేస్తాను."

వ్యాను కదిలేలోగా సూర్యప్రకాశరావుగారు పట్టుపంచె సవరించుకుంటూ గేటు దాకా ఎదురొచ్చారు. "వచ్చారా మన రత్నాలు! రండి బాబూ, రండమ్మా!"

నిజం చెప్పడానికి త్రినాథరావు నోరు తెరిచాడు. నిర్మాతగారి కళ్ళల్లో అప్పటికే తండ్రి తాలూకు తడి కనిపించింది. తెరిచిన నోరు మూసుకుని, ఆరుగుర్నీ స్తంభం చాటుకి పిలిచాడు.

"చూడండి, ఈ పూటకి మీరు ఇంజనీరింగ్ స్టూడెంట్లు. పిలిచినప్పుడు వచ్చి కవరు తీసుకుని దణ్ణం పెట్టండి చాలు. ఆ కవర్లు మళ్ళీ నాకిచ్చెయ్యాలి."

"డైలాగులుంటాయా సార్?" అంది లీలాకుమారి. "డైలాగుంటే రోజు బత్తా వేరండీ."

"ఉండవమ్మా. నోరు విప్పితే నా ఉద్యోగం ఉండదు."

కానీ ముఖ్య అతిథి వీరరాఘవయ్యగారి సంగతి అతను మరిచిపోయాడు. ముప్పై ఏళ్ళు ఇంజనీరింగ్ పాఠాలు చెప్పి రిటైరైన ప్రొఫెసరు. మైకు చేతికి రాగానే ఆయన గొంతు సవరించుకున్నారు.

"మెరిట్ అన్నారు కాబట్టి, కవరు ఇచ్చే ముందు ఒక్కొక్క ప్రశ్న అడుగుతాను. కంగారు పడకండి, చిన్నవే."

కంగారంతా త్రినాథరావు ఒక్కడే పడ్డాడు. మంచినీళ్ళిచ్చే నెపంతో వేదిక ఎక్కి, ప్రొఫెసరుగారి చెవిలో భోజనాలు చల్లారిపోతాయని చెప్పాడు. ఆయన నీళ్ళు తాగి, గ్లాసు తిరిగిచ్చి, మొదటి కుర్రాణ్ణి పిలిచారు.

"రైలు పట్టాలు అతికేచోట కాస్త సందు వదుల్తారు. ఎందుకు?"

ఆ కుర్రాడు పదిహేడు సినిమాల్లో గుంపులో నిలబడ్డ అనుభవంతో తడుముకోకుండా చెప్పాడు. "హీరోయిన్ కాలు ఇరుక్కోడానికి సార్."

సభ గొల్లుమంది. త్రినాథరావు కళ్ళు మూసుకున్నాడు. తెరిచి చూస్తే ప్రొఫెసరుగారూ నవ్వుతున్నారు. "సందేహం లేదు, ఇంజనీరింగ్ స్టూడెంటే! నా క్లాసులో ఆఖరి బెంచీవాళ్ళు ఇలాగే చెప్పేవాళ్ళు" అని కవరు చేతిలో పెట్టారు.

తర్వాత యాదగిరి వంతు. "స్లాబు వేశాక ఎన్నాళ్ళు తడపాలి?"

"ఇరవై ఒక్క దినాలు తడపాలె సార్. మీదికెంచి గోనెసంచులు కప్పాలె. ఎండల గిట్ల ఇడిస్తే పగుళ్ళు వడ్తయి. మేస్త్రీ సంపుతడు" అన్నాడు యాదగిరి. షూటింగుల్లేని రోజుల్లో అతను చేసేది తాపీపనే.

"శభాష్! ఇదీ ప్రాక్టికల్ నాలెడ్జంటే!" అని ప్రొఫెసరుగారు భుజం తట్టారు.

మిగతా ఇద్దరు కుర్రాళ్ళూ రెండో అమ్మాయీ ఏం చెప్పారో త్రినాథరావు చెవికెక్కలేదు. అతని చూపంతా పెరటి వైపే ఉంది. ఆఖరున "కుమారి బాలాత్రిపురసుందరి" అని పిలవగానే లీలాకుమారి వేదికెక్కింది. ప్రశ్న ఏమిటో ఆమెకు అర్థమే కాలేదు. అర్థం కాని సీనులో ఏం చెయ్యాలో మాత్రం ఆమెకు బాగా తెలుసు. తలొంచుకుని, పెదవి బిగబట్టి, నెమ్మదిగా కన్నీళ్ళు కార్చింది.

సూర్యప్రకాశరావుగారు తట్టుకోలేకపోయారు. "ఇక అడక్కండి మాస్టారూ! తండ్రి గుర్తొచ్చుంటాడు. నా తండ్రీ గుర్తొస్తున్నాడు" అని తనూ ఏడ్చారు. ఫొటోవాళ్ళు ఎగబడి ఆ ఏడుపులు తీశారు.

అయిపోయిందనుకుని త్రినాథరావు ఊపిరి పీల్చుకోబోయాడు. సరిగ్గా అప్పుడు ముందు గేటు దగ్గర గలాటా మొదలైంది.

"ఏయ్, గీడ షూటింగ్ లేదు! గాడ్నే ఆగుండ్రి!" అని వాచ్‌మన్ అరుస్తున్నాడు. అతన్ని నెట్టుకుంటూ ఆరుగురు లోపలికొచ్చారు. ఒకడి తలకు కట్టు, ఇంకొకడి చొక్కా నిండా నెత్తురు, మరొకడికి చెయ్యి మెళ్ళో వేలాడుతోంది. ముందున్న అమ్మాయి నుదుటి మీంచి ఎర్రరంగు చెంపమీదికి కారి ఎండిపోయింది. సభలో ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. వెనకాల డ్రైవరు పరిగెత్తుతూ, "పెరటి దోవ అని చెప్పాను సార్! సభ మొదలైందనగానే వినకుండా దూకేశారు!" అన్నాడు.

"నేనండీ బాలాత్రిపురసుందరిని!" అంది ఆ అమ్మాయి రొప్పుతూ. "పొద్దున్నుంచీ స్కాలర్‌షిప్పు ఎప్పుడిస్తారని అడుగుతుంటే, 'ముందు కొట్టించుకో, ప్యాకప్ అయ్యాక ఇస్తాం' అంటున్నారు. స్కాలర్‌షిప్పుకి ఇన్ని రూల్సుంటాయని మాకు తెలీదండీ."

వీరరాఘవయ్యగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఎవరు అసలో నేను తేలుస్తాను. రైలు పట్టాల మధ్య సందు ఎందుకమ్మా?"

"ఎండకి ఉక్కు వ్యాకోచిస్తుంది సార్. సందు లేకపోతే పట్టా వంగిపోతుంది. పట్టా పొడవు, ఆ ఊరి ఉష్ణోగ్రతల తేడా, ఉక్కు వ్యాకోచ గుణకం, ఈ మూడింటినీ గుణిస్తే ఎంత సందు వదలాలో వస్తుంది" అంది ఆ అమ్మాయి గుక్క తిప్పుకోకుండా.

ప్రొఫెసరుగారు తల అడ్డంగా ఊపారు. "వీళ్ళే నటులు. ముప్పై ఏళ్ళలో ఏ ఇంజనీరింగ్ స్టూడెంటూ నాకిలా తడుముకోకుండా చెప్పలేదు. ఎవరో రాసిచ్చిన డైలాగు ఇది."

"పంపించెయ్యవయ్యా త్రినాథరావూ" అన్నారు నిర్మాతగారు.

త్రినాథరావు కదల్లేదు. ఒక్క మాట మాట్లాడకపోతే తన ఉద్యోగం పదిలం. ఆరుగుర్నీ బయటికి పంపి, సాయంత్రం కవర్లు చేర్చి, క్షమించమనొచ్చు. కానీ ఆ అమ్మాయి ఏడవడం లేదు. ఎర్రరంగు పూసిన మొహంతో, పరీక్ష హాల్లోంచి గెంటేసినదానిలా నిలబడి చూస్తోంది. నెల రోజులుగా తమ వంటింట్లో భార్యాభర్తలిద్దరూ తలుచుకున్న పిల్ల అది.

"వీళ్ళే అసలు స్టూడెంట్లండీ. తప్పు నాది" అన్నాడు. "పొద్దున మనుషులు తారుమారయ్యారు. తెలిసీ మీకు చెప్పలేదు. వేదిక మీదున్నది జూనియర్ ఆర్టిస్టులు."

"నన్ను నమ్మమనకు" అన్నారు సూర్యప్రకాశరావుగారు. "ఆ పిల్ల ఏడుపు నేను కళ్ళారా చూశాను. అది నటనైతే నేను ఇన్నేళ్ళు తీసినవి సినిమాలే కావు."

లీలాకుమారి కళ్ళు తుడుచుకుని ముందుకొచ్చింది. "నటనేనండీ. కావాలంటే మళ్ళీ ఏడుస్తాను. కుడికంట్లోనా, ఎడమకంట్లోనా?"

ఆమె ఎడమకంట్లో మాత్రమే ఒక్క చుక్క రాల్చి, వేదిక దిగి, కవరు తీసుకెళ్ళి బాలాత్రిపురసుందరి చేతిలో పెట్టింది. "నీదేనమ్మా. నాకు బత్తా వస్తుందిలే." యాదగిరి, మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరూ దిగి కవర్లు ఇచ్చేశారు.

సూర్యప్రకాశరావుగారు కుర్చీలో కూలబడ్డారు. త్రినాథరావు ఎక్కడ కొత్త ఉద్యోగం వెతుక్కోవాలా అని కంపెనీల పేర్లు తలుచుకుంటున్నాడు. ఇంతలో లోపల ఫోను మోగింది. నిర్మాతగారు వెళ్ళి మాట్లాడి, కొత్త మొహంతో తిరిగొచ్చారు.

"డైరెక్టరు కొండ దిగి ఎవరింట్లోంచో చేశాడయ్యా. సగం సీను తీశాక ఆరుగురూ మాయమైపోయారట. ఆ మొహాలే కావాలట. దెబ్బ తినేటప్పుడు అంత సహజంగా ఆశ్చర్యపోయిన మనుషుల్ని ఇంతవరకు చూడలేదంటున్నాడు. రేపటికి వీళ్ళ కాల్షీట్లు సంపాదించు. నీ ఉద్యోగం సంగతి ఆ తర్వాత మాట్లాడదాం."

త్రినాథరావు వెళ్ళి బాలాత్రిపురసుందరి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె కవరు పుస్తకంలో భద్రంగా పెట్టుకుని ఆలోచించింది.

"రేపు మాకు ల్యాబ్ ఉందండీ. ఎల్లుండి టెస్టు. ఆదివారమైతే వస్తాం. కానీ నన్ను కొట్టే కానిస్టేబుల్‌ని మాత్రం మార్చాలి."

"మారుస్తానమ్మా."

"బత్తా కూడా ఇస్తారు కదండీ?"

"ఇస్తానమ్మా" అన్నాడు త్రినాథరావు. పొద్దుటి నుంచీ మొదటిసారి అతనికి ఊపిరి ఆడింది.

ఆదివారం షూటింగు పూర్తయింది. త్రినాథరావు ఉద్యోగం నిలిచింది. లీలాకుమారికి తర్వాతి పిక్చర్లో హీరోయిన్ చెల్లెలి వేషం దొరికింది. ఫొటోవాళ్ళ రీళ్ళన్నీ ఆ ఏడుపులకే అయిపోవడంతో పేపర్లో యూనివర్సిటీ రత్నాలుగా అచ్చయింది మాత్రం జూనియర్ ఆర్టిస్టులే. అసలు రత్నాలు నాలుగు నెలల తర్వాత తెరమీద, పోలీసుల చేతిలో చావుదెబ్బలు తింటూ కనిపించారు.

మరుసటేడు మెరిట్ స్కాలర్‌షిప్పుల దరఖాస్తు ఫారం చివర త్రినాథరావు తన చేత్తో ఒక నిబంధన చేర్చాడు: అభ్యర్థులు మేకప్ లేకుండా హాజరు కావలెను.