జంట నక్షత్రాలు మింగిన బల్ల

అక్షరాలు వంకరగా ఉంటే ఎడిటరు గారు మన్నించాలి. అరవై దాటాక పలక పట్టినదాన్ని. ఒత్తులు ఎక్కడో ఒకచోట జారిపోతుంటాయి. ఒక పేజీ రాయడానికి నాకు ఒక విడత బట్టలు ఉతికేంత సేపు పడుతుంది. ఈ లెక్క ఎందుకు చెప్పానో తర్వాత తెలుస్తుంది.

ఇక అసలు మాట. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఇంట్లోనే కూర్చుని ఆఫీసు పని చేసుకోవడాన్ని మించిన వరం మరొకటి లేదు! కాదన్నవాళ్ళకు ఆకాశం గురించి ఏమీ తెలియదని అర్థం.

నాకూ మొన్నటిదాకా తెలియదు. పోయిన ఆదివారం ఇదే పత్రికలో సైన్సు పేజీ కూడబలుక్కుని చదివాను. కొత్తగా పుట్టిన నక్షత్రాలు కొన్ని జంటగా ఉంటాయట. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయట. ఆ రెండింటి చుట్టూ గ్యాసూ దుమ్మూ కలిసి పెద్ద పళ్ళెంలా పరుచుకుని ఉంటాయట. జంట ఆ పళ్ళెంలోంచి లాక్కుని తిని బలుస్తుందట.

చదివి లెంపలు వేసుకున్నాను. ఇన్నాళ్ళూ మా అబ్బాయినీ కోడలినీ మామూలు మనుషులనుకుని విసుక్కున్నానే! పెళ్ళయి ఏడాది కాలేదు. చెరో గదిలో తలుపులు మూసుకుని ఉంటారు. గోడకు అటొకరు ఇటొకరు కూర్చుని ఫోన్లో మెసేజీలు పెట్టుకుంటారు. నక్షత్రాలు కాక మరేమిటి?

జంట తిరిగే తిరుగుడుకి పళ్ళెం నడిమధ్య ఊడ్చినట్టు ఖాళీ అయిపోతుందట. మా హాలు చూడండి! సోఫా అబ్బాయి గదిలోకి పోయింది, నడుం నొప్పట. స్టాండు ఫ్యాను కోడలి గదిలోకి పోయింది. కుర్చీలు, ప్లగ్గు బాక్సు, ఆఖరికి గోడ గడియారం కూడా పోయాయి.

మొన్న పక్కింటి టైలరమ్మ గుమ్మంలోంచి తొంగి చూసి, "ఏం పిన్నీ, ఇల్లు ఖాళీ చేస్తున్నారా? నాతో ఒక్క మాటైనా అనలేదే!" అంది.

"ఖాళీ చెయ్యడం కాదే పిచ్చిమొహమా, సైన్సు!" అన్నాను గర్వంగా.

ఆ ఖాళీని దాటుకుంటూ సన్నటి ధారలు రెండు నక్షత్రాల మీదికీ పోతూ ఉంటాయట. ఆ ధార ఎవరో వేరే చెప్పాలా? ఎడమ చేతిలో అబ్బాయి టీ, కుడి చేతిలో కోడలి టీ, చంకలో ఎవరిదో చార్జరు. ఇంటర్నెట్ పోయినప్పుడు ఇద్దరూ ఒకేసారి బయటికొస్తారు. "అమ్మా, తినడానికేమైనా ఉందా?" "నాక్కూడా అత్తయ్యా!" జంట దగ్గరపడినప్పుడు ధార ఒక్కసారిగా ఉధృతమవుతుందని సైన్సు పేజీలోనూ రాశారు. నా మోకాళ్ళకు ఆ సంగతి ముందే తెలుసు.

ఇంకో వింత ఉంది. తరచు చిన్న నక్షత్రానికే ఎక్కువ వాటా దొరుకుతుందట. అది దూరదూరంగా తిరుగుతుంది కనుక పళ్ళెం అంచుకు దగ్గరట. తింటూ తింటూ పెద్దదాన్ని అందుకుంటుందట. మా కోడలిది ఇంకా చిన్న ఉద్యోగం. గదేమో వంటింటిని ఆనుకునే ఉంది. నా దిండు, నా లైటు, నా కిటికీ తెర అన్నీ అటే జారాయి. సంతోషమే! ఆడపిల్ల ఎదిగి మొగుడికి సమానమైతే వద్దంటానా?

చివరికి నా బల్ల జారింది.

మా ఆయన వడ్రంగి. పెళ్ళయిన కొత్తలో నాకోసమే చేశాడు దాన్ని. చదువు రానిదాన్ని, దాని మీద మడతబట్టలు పెట్టుకున్నాను. ఆయన పోయాక సాయంకాలం బడికి వెళ్ళి, మొదటి అక్షరం ఆ బల్ల మీదే దిద్దాను.

"ఒక్క వారమే అమ్మా, తను రెండో స్క్రీన్ పెట్టుకోవాలి" అన్నాడు అబ్బాయి. ఎండాకాలంలో మొదలైన ఆ వారం వానాకాలంలోకి వచ్చింది. మొన్న నోరు తెరిచి అడిగాను.

"ఇప్పుడు మీకు టేబులెందుకు అత్తయ్యా?" అంది కోడలు, చెవుల్లోంచి ఆ బిరడాలు తీయకుండానే. "మీరు రాసేదేముంటుంది?"

ఏముంటుంది! అందుకే వాషింగ్ మెషీన్ మూత మీద కాగితం పెట్టుకుని ఇంతవరకూ రాశాను. అక్షరాల వంకరలో సగం నా చేతిది. మిగతా సగం, బట్టలు పిండేటప్పుడు అది ఊగే ఊపుది.

సైన్సు పేజీలో చివరి మాట మాత్రం నాకు బాగా నచ్చింది. పళ్ళెం ఎల్లకాలం ఉండదట. నక్షత్రాలు తినగా మిగిలింది ఒక్కోసారి ముద్దకట్టి, సొంతంగా ఒక గ్రహమై కూర్చుంటుందట.

ఇవాళ టీ గదులకు మోయలేదు. హాలు నడిమధ్య నేల మీద పెట్టి కేకేశాను. ఇద్దరూ వచ్చారు. కుర్చీ లేదు కనుక నేల మీదే చతికిలబడ్డారు. చాలా రోజులకు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏదో నవ్వుకుంటున్నారు. ఆ సందులో నేను కోడలి గదిలోకి వెళ్ళి గడియ పెట్టాను. స్క్రీనును జాగ్రత్తగా మంచం మీద పడుకోబెట్టి, నా కాగితం బల్ల మీద పరుచుకున్నాను. ఇక్కడి నుంచి అక్షరాలు నిలకడగా ఉన్నాయి. అచ్చులో మీకు కనబడదు గానీ, ఎడిటరు గారే సాక్షి.

"అత్తయ్యా, తలుపు తీయండి, నాకు కాల్ ఉంది!"

"అమ్మా, లోపలేం చేస్తున్నావే?"

"మీటింగులో ఉన్నాను" అన్నాను.

— నిన్నటిదాకా ఇంటి పళ్ళెం,
వయసు అరవై ఏడు,
ప్రస్తుత నివాసం: నా బల్ల దగ్గర.