బొంతయ్య అడుగులు, సంఘం పరుగులు

మొన్నమొన్నటి దాకా ఒక పెద్ద అడవిలో బొంతయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. ఆ అడవి తరఫున బాక్సింగ్ బరిలోకి దిగేది అతనే. పిడికిలి పడిందంటే చెట్టు బెరడు ఊడి రావాల్సిందే. చిక్కల్లా ఒక్కటే. ఎదుటివాడు తనంతట తాను వచ్చి ఆ పిడికిలి ముందు నిలబడాలి. బొంతయ్య కాళ్లు మాత్రం ఉన్న చోటి నుంచి కదిలేవి కావు.

పోయిన వేసవిలో వాగు అవతలి అడవి నుంచి సింగన్న అనే కొండముచ్చు వచ్చాడు. బొంతయ్య కుడివైపు కొడితే వాడు ఎడమవైపు తేలాడు. ఎడమవైపు కొడితే వీపు వెనక ప్రత్యక్షమయ్యాడు. గాలిని గుద్ది గుద్ది బొంతయ్య తనే కూలబడ్డాడు. పందెం ప్రకారం గెలిచిన అడవికి మడుగులో నీళ్లు తాగే మొదటి వంతు, ఓడిన అడవికి మిగిలిన బురద. ఆ వేసవంతా జింకపిల్లలు నాలుకలు వేలాడేసుకుని తన గుహ ముందు నుంచి పోతుంటే, బొంతయ్య బయటికి రాలేక గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అడవి బాక్సింగ్ సంఘం ఊరుకుంటుందా? వెంటనే సమావేశమై మేసింది. మేశాక మాట్లాడింది.

“లోపం పిడికిట్లో లేదు, కాళ్లలో ఉంది,” అన్నారు అధ్యక్షులు ఏనుగుగారు. ఆ సంగతి ఓడిన రోజే ఉడతలు కూడా చెప్పుకున్నాయి. అయినా అధ్యక్షులవారు అన్నారు కాబట్టి అందరూ చప్పట్లు కొట్టారు.

“అయితే కాళ్లకొక శిక్షకుణ్ణి వేద్దాం,” అన్నాడు కార్యదర్శి నక్క. “సీనియారిటీ ప్రకారం తాబేలుగారే ముందున్నారు.”

“తాబేలుగారా? కాళ్లు చురుగ్గా కదపడానికా?” సభలో ఓ మూల నిలబడ్డ బొంతయ్య నోరు జారాడు.

నక్క కళ్లెర్రజేశాడు. “ఈ అడవిలో అందరికంటే ఎక్కువ కాలంగా నడుస్తున్నది ఎవరయ్యా? నువ్వు పుట్టకముందు బయల్దేరారు, ఇంకా నడుస్తూనే ఉన్నారు. అనుభవమంటే అదీ!”

శిక్షణ మొదలైంది. తాబేలుగారు బండ మీద ఎండ కాచుకుంటూ, “పాదం ఎత్తాలి. ఎత్తాక ఆలోచించాలి. దించడం సంగతి వర్షాలు పడ్డాక చూద్దాం,” అని సెలవిచ్చారు. పాపం బొంతయ్య అమాయకుడు. ఒంటికాలి మీద నిలబడి ఆలోచించాడు. ఆలోచించీ ఆలోచించీ ఒకనాడు తూలి, ఎత్తిన కాలు దించేశాడు. దించిన చోట గండుచీమల పుట్ట.

“ఓరి నాయనో!” అని గెంతాడు. మడమ ఆనిస్తే మడమకు, అరికాలు ఆనిస్తే అరికాలికి పట్టాయి. ఇక గత్యంతరం లేక మోకాళ్లు కాస్త వంచి, వేళ్ల మీదే తేలుతూ ముందుకీ వెనక్కీ పక్కకీ ఆడాడు. ఆ ఊపులో విసిరిన పిడికిలి తగిలి పక్కనున్న ఎండు మాను రెండయింది. బొంతయ్య నోరు తెరిచాడు. ఇన్నాళ్లూ తన దెబ్బకు భుజం మాత్రమే తోడుండేది. ఇప్పుడు కింది నుంచి ఒళ్లంతా వచ్చి చేరింది!

“క్రమశిక్షణ లేదు!” తాబేలుగారు అరిచారు. “పాఠం ఇంకా ఎత్తడం దగ్గరే ఉంటే అప్పుడే దించేస్తావా?”

బొంతయ్య ఆనాటి నుంచి పొద్దున్నే పుట్ట దగ్గరికి పోయేవాడు. మొదట్లో కాళ్లు బూరెల్లా ఉబ్బాయి. పోనుపోను చీమలకు అతని పాదం దొరకడం మానేసింది. ఆ తర్వాత వాగు ఇసుకలో, చీమల్లేకుండానే, అలాగే ఆడడం అలవాటు చేసుకున్నాడు.

ఈ మార్పు చూసి సంఘం తాబేలుగారికి సన్మానం చేసింది. నక్కకు మాత్రం గుబులు పట్టుకుంది. “వీడి కాళ్లు ఆడేది చీమల వల్ల. బరిలో చీమలు లేకపోతే మన పరువేం కాను? బరి మట్టి కింద ఒక పుట్ట పూడ్చేద్దాం,” అన్నాడు.

బొంతయ్య దండం పెట్టాడు. “వద్దండీ! నా కాళ్లు నేర్చేసుకున్నాయి.”

“నేర్చుకున్నాయో లేదో తేల్చాల్సింది సంఘం. కాళ్లు నీవైనంత మాత్రాన సరిపోదు,” అన్నారు ఏనుగుగారు.

ఈ వేసవి పోటీ రోజు వచ్చింది. గెలుపు ఖాయమని వేదిక మీద తేనెపట్లు, మాగిన పనసతొనలు ముందే పేర్చారు. గంట మోగింది. సింగన్న ఎటు తేలితే అటు బొంతయ్య ముందే ఉన్నాడు. సింగన్న మొహంలో నవ్వు పోయింది. బొంతయ్య ఎడమకు ఊగినట్టే ఊగి, వేళ్ల మీద తిరిగి, కుడి పిడికిలి విసిరాడు. సింగన్న వెల్లకిలా పడ్డాడు. రిఫరీ కొంగ లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

ఆ తొక్కిడికి బరి కింద పూడ్చిన పుట్టలోంచి చీమలు లేచాయి. లేచి బరిలో ఉంటాయా? పనస వాసన పట్టుకుని నేరుగా వేదికెక్కాయి. ఒక దండు ఏనుగుగారి తొండంలో దూరింది. ఆయన ఘీంకరించి, బరి గుంజలు తొక్కుకుంటూ దౌడు తీశారు. నక్క ఎటుపోయాడో ఎవరూ చూడలేదు. తాబేలుగారు కూడా మడుగు దాకా పరిగెత్తారు! కొంగ లెక్క సగంలో ఆపి ఎగిరిపోయింది.

లెక్క పూర్తి కాలేదు కాబట్టి పోటీ చెల్లదన్నారు. నీళ్ల వంతు పాతదే. విచారణకు నక్కనే వేశారు. “బొంతయ్య అతిగా కాళ్లు కదపడం వల్లే చీమలు రెచ్చిపోయాయి,” అని తేల్చి, అతన్ని సంఘం నుంచి బహిష్కరించాడు.

దవడ తడుముకుంటూ సింగన్నే గుహకు వచ్చాడు. “అన్నా, ఎవరు లెక్కపెట్టకపోయినా నా దవడ లెక్కపెట్టింది. మా కుర్రాళ్లకు ఆ అడుగులు నేర్పుతావా?”

“నేర్పుతాను. మా పిల్లల్ని మీతోపాటు మొదటి వంతులో తాగనిస్తేనే.”

సింగన్న సరేనన్నాడు. మర్నాడు జింకపిల్లలు తేట నీళ్లలో మూతులు పెట్టి తాగుతుంటే, బొంతయ్య ఒడ్డున కూర్చుని తనివితీరా చూశాడు.

ఆ సాయంత్రమే సంఘం సభ పెట్టి, తమ అకుంఠిత కృషి వల్లే అడవికి నీళ్లొచ్చాయని ప్రకటించి, దండలు వేసుకుంది.

నీతి: బరిలో దిగేవాడికే కాళ్లు కదపడం నేర్పాలి, కుర్చీలో కూర్చున్నవాడికి అది పుట్టుకతోనే వచ్చేస్తుంది.