జోడుబండల మీద చక్కర్

క్రిస్మస్ మరునాటికి మధుసూదన్ సేటు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే గుట్ట ఎక్కాలి, పైన లడ్డూలు పెట్టాలి, మధ్యాహ్నానికి దిగి రావాలి. ఆ తర్వాత బతుకు నిశ్చింతగా సాగిపోతుందని ఆయన అంచనా.

బోయిగూడలో రేషను సరుకులు అమ్మే ఆయన కంట్రోలు దుకాణం లైసెన్సు డిసెంబరుతో ముగుస్తోంది. దాన్ని కొత్త సంవత్సరానికి పొడిగించవలసినవాడు సప్లై ఇన్‌స్పెక్టరు యెషయా. పోలీసు చర్య అయ్యాక హైదరాబాదు సంస్థానానికి మద్రాసు వైపు నుంచి పంపిన ఉద్యోగుల్లో ఆయనొకడు, బాపట్ల మనిషి. ఆయనకు రెండు గుణాలున్నాయి. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు. సెలవు దొరికితే చాలు, సికింద్రాబాదు చుట్టుపక్కల బండరాళ్లన్నీ ఎక్కుతాడు. మొదటి గుణం వర్తకులకు నష్టమని అందరికీ తెలుసు. రెండోదాంట్లో లాభం ఉందని కనిపెట్టింది తానొక్కడేనని మధుసూదన్ నమ్మకం.

"ఇంత చక్కని రాళ్లు పెట్టుకుని మీ ఊళ్లో ఎవరూ సరదాకి ఎక్కరేమండీ?" అని ఒకనాడు దుకాణం తనిఖీకి వచ్చి యెషయా అడిగాడు.

"నేనెక్కుత సార్. నాకు గుట్టలంటే పానం," అన్నాడు మధుసూదన్. అంతవరకూ ఆయన ఎక్కిన ఎత్తుల్లో అన్నిటికన్నా పెద్దది దుకాణంలోని అటక.

"అయితే క్రిస్మస్ మర్నాడు రండి. తిరుమలగిరి అవతల జోడుబండల గుట్ట ఉందిగా, ఓ చుట్టు చుట్టి వద్దాం."

అలా కుదిరింది బేరం. పండగకు వర్తకులు తన ఇంటికి పంపిన పళ్ల బుట్టలన్నిటినీ యెషయా గుమ్మం దాటకుండానే వెనక్కి పంపాడు. అది మధుసూదన్‌కు తెలియక కాదు. కానీ ఆయన లెక్క వేరు. నేల మీద వద్దన్న మనిషి గుట్ట మీద వద్దనలేడు. ఎత్తు పెరిగేకొద్దీ ఆకలి పెరుగుతుంది, పట్టుదల తగ్గుతుంది. ఆయాసపడుతూ శిఖరం మీద కూలబడ్డవాడి ముందు నేతి లడ్డూ పెడితే, అది లంచమో ఫలహారమో తేల్చుకునే ఓపిక ఎవరికుంటుంది?

లడ్డూలకు చక్కెర కావాలి. ఊళ్లో చక్కెర మొహం చూసి నెలలు దాటింది. దుకాణానికి వచ్చిన ప్రతివాళ్లూ "చక్కెర ఎప్పుడొస్తది సేటూ?" అని అడగడం, "గోదాముల లేదు" అని ఆయన చెప్పడం, వాళ్లు నమ్మకుండా లోపలికి తొంగి చూడటం రోజూ జరిగేదే. ఆయన భార్య పుష్పమ్మ మాత్రం తమ ఇంటి వాటా చక్కెరను దసరాకూ దీపావళికీ ముట్టనివ్వకుండా దాచింది. పండగ ముందు రోజు అదంతా తీసి, ఇంట్లో ఉన్న నెయ్యంతా పోసి, శనగపిండి లడ్డూలు చేసి ఇత్తడి డబ్బా నింపింది.

బయల్దేరే ముందు రోజు సాయంత్రం ఆయన వంటింటి గడప దగ్గర నిలబడి గొంతు తగ్గించి చెప్పాడు.

"తెల్లారి జోడుబండల మీద చక్కర్ ఉన్నది. ఇన్‌స్పెక్టర్ సారు సుత వస్తున్నడు. ఎవరికి చెప్పకు. తెలిస్తే అందరొస్తరు."

చక్కర్ అంటే ఆయన ఉద్దేశంలో చుట్టు. ఒక వైపు నుంచి ఎక్కి, జోడుబండలను చుట్టి, రెండో వైపు నుంచి దిగి, బయల్దేరిన చోటికే చేరడం. అందరొస్తరు అన్నది తోటి వర్తకులను గురించి. కానీ పెరుగుకు తోడు అడగడానికి వచ్చి పెరట్లో నిలబడ్డ పక్కింటి లచ్చమ్మకు చక్కర్ చక్కెరగానే వినబడింది. అందులోనూ గొంతు తగ్గించి చెప్పిన మాట. గట్టిగా చెప్పి ఉంటే ఆమె పట్టించుకునేది కాదు.

లచ్చమ్మ తోడు సంగతి మరిచి నేరుగా జట్కా తుకారాం దగ్గరికి వెళ్లింది.

"తెల్లారి సేటును యాడికి తోలుకపోతున్నవ్?"

"జోడుబండల కాడికి. వచ్చేటప్పుడు బండిల జాగ మంచిగుండాలన్నడు."

జాగా అడిగింది గుట్ట దిగిన ఇన్‌స్పెక్టరు కాళ్లు చాపుకోవడానికి. లచ్చమ్మకు మాత్రం అది బస్తాల కోసమని ఇట్టే అర్థమైంది. రజాకార్ల గడబిడలో వర్తకులు సరుకంతా గుట్టల్లో దాచారని ఊళ్లో అనుకునేదే కదా! ఆ రాత్రి బన్సీలాల్‌పేట్ మెట్ల బావి దగ్గరికి చేరేసరికి సంగతి ఇంకా బలిసింది. మధుసూదన్ సేటు జోడుబండల సందుల్లో చక్కెర దాచాడు, ఇన్‌స్పెక్టరు దొరకబట్టాడు, తెల్లవారి గుట్ట మీదే పంచిపెడతాడు, ముందు వచ్చినవాళ్లకు ముందు.

తెల్లవారింది. మంచు ఇంకా విడలేదు. యెషయా తుకారాం జట్కా దిగి, జోడుబండలను కళ్లారా చూసి, భుజాలు విదిలించుకున్నాడు. ఏనుగుల్లాంటి బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుట్ట అది. అన్నిటికీ పైన రెండు పెద్ద బండలు, ఒకదాన్నొకటి ఆనుకుని, నిద్రపోతున్న ఎద్దుల్లా ఉన్నాయి. దారి అనేదేమీ లేదు. రాయి ఎటు రమ్మంటే అటు పోవాలి.

"ఒక్కటే సూత్రమండీ," అన్నాడు యెషయా. "రెండు కాళ్లూ ఒక చెయ్యీ గట్టిగా ఆనాకే రెండో చెయ్యి తియ్యండి. తొందర పడకూడదు."

మధుసూదన్‌కు ఒక చెయ్యి ఎప్పుడూ భుజాన సంచీ మీదే ఉంది కనుక ఆ సూత్రంలో ఆయనకు మొదటి నుంచీ ఒకటి తక్కువ.

మొదటి సందులో ఆయన అడ్డంగా దూరి, పొట్ట దగ్గర ఇరుక్కుని, ఊపిరంతా వదిలేసి బయటపడ్డాడు. తర్వాత ఏటవాలు బండ మీద నాలుగు కాళ్ల జంతువులా పాకాడు. ధోతి మోకాలి దగ్గర చిరిగింది. అరచేతులు మండాయి. ఇదంతా పెట్టుబడి కింద రాసుకున్నాడు.

"మీకు అలవాటున్నట్టు లేదే?" అని పైనుంచి చెయ్యి అందిస్తూ అడిగాడు యెషయా.

"ఉన్నది సార్. ఎక్కక జెర దినాలైంది, గంతే."

జోడుబండల మొదట్లోకి చేరాక యెషయా, "మీరు కూర్చోండి. నేను పైకెక్కి ఊరు చూసి వస్తాను. తర్వాత అవతలి వైపు దిగుదాం," అని రెండు బండల మధ్య నెరియలో కాళ్లు తన్నిపెట్టి చకచకా ఎక్కిపోయాడు. మధుసూదన్ నీడలో కూర్చుని సంచీ విప్పాడు. ఆయన దిగి రాగానే మూత తీయాలి. నేతి వాసన ముందు చేరాలి, మాట తర్వాత చేరాలి. అంతా లెక్క ప్రకారం నడుస్తోంది.

అప్పుడు కింద నుంచి గోల వినిపించింది.

ఆయన తొంగి చూశాడు. గుట్ట అడుగున సగం బోయిగూడ ఉంది. మిగిలిన సగం దారిలో వస్తోంది. గోనె సంచులు, బిందెలు, దుప్పట్లు, ఒకరి చేతిలో ఏకంగా నీళ్ల గాబు. ముందు లచ్చమ్మ.

"సేటు పైన్నే ఉన్నడు! తుకారాం బండి గీడ్నే ఉన్నది! సందులల్ల దాచిండంట, అన్ని సందులు చూడుండ్రి!"

"సార్ సుత ఉన్నడా?"

"ఉన్నడు! ఇయ్యాల చక్కెర దొరికితది!"

మధుసూదన్ చప్పున వెనక్కి జరిగాడు. కింద చక్కెర కోసం వచ్చిన జనం. పైన చక్కెర లెక్కలు చూసే ఇన్‌స్పెక్టరు. మధ్యలో తాను, తన ఒళ్లో చక్కెరతో చేసిన లడ్డూల డబ్బా. ఇది ఇంటి వాటా అని ఎవరు నమ్ముతారు? లైసెన్సు పోవడం ఖాయం, జైలు అదనం. విసిరేస్తే వెతికేవాళ్ల కాళ్ల దగ్గరే పడుతుంది. సందులో దాస్తే, దాచాడన్న మాట నిజమవుతుంది. సరుకు కంటికి కనబడకుండా చేసే దారి ఒకటే మిగిలింది.

ఆయన తినడం మొదలుపెట్టాడు.

మొదటి లడ్డూ బాగుంది. రెండోదీ బాగుంది. ఆ తర్వాతివి రుచికి కాక లైసెన్సుకు తిన్నాడు. చివరివి నమలకుండానే మింగాడు. వేలితో డబ్బా అడుగు కూడా తుడిచాడు. నెలల తరబడి కాఫీలో కూడా చక్కెర ఎరగని ఒంట్లోకి అంత తీపీ, అంత నెయ్యీ ఒక్కసారిగా దిగాయి. యెషయా దిగి వచ్చేసరికి ఆయన మూతి బిగించి, కళ్లు పెద్దవి చేసి, డబ్బా సంచీలో పెట్టుకుని కూర్చున్నాడు.

"కింద జనమేమిటండీ? జాతరా?"

మధుసూదన్ తల మాత్రం ఊపాడు. నోరు తెరిచే పరిస్థితి లేదు.

అవతలి వైపు దిగాలంటే ఒక పొడుగాటి జారుడు బండ మీదుగా, కూర్చుని, మడమలు తన్నిపెట్టి, కొంచెం కొంచెంగా జరగాలి. యెషయా దానికి ఎడమగా ఉన్న మెట్టు మీద నిలబడి దారి చెబుతున్నాడు. మధుసూదన్ నడిమికి వచ్చాడు. అప్పటికి జనం గుట్టను చుట్టి సరిగ్గా ఆ బండ కిందికే చేరారు. పైనుంచి సేటు దిగి వస్తుంటే అందరూ ముఖాలెత్తి చూశారు.

మధుసూదన్ కిందికి చూశాడు. జనం ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తిరిగారు. గుట్ట కూడా వాళ్లతో పాటే తిరిగింది.

"సార్!" అని అరిచాడు. "చక్కర్! చక్కర్ వస్తున్నది!"

"ఏమొస్తోందండీ?" అన్నాడు యెషయా. కళ్లు తిరగడాన్ని ఇక్కడ చక్కర్ అంటారని బాపట్లలో ఎవరూ ఆయనకు చెప్పలేదు.

"చక్కర్ సార్! మస్తుగ వస్తున్నది!"

"వస్తున్నదంట!" అని కింద లచ్చమ్మ కేక పెట్టింది. "దుప్పటి పట్టుండ్రి! నలుగురు నాలుగు కొసలు పట్టుండ్రి! కింద పోనియ్యకుండ్రి!"

మడమలు జారాయి. మధుసూదన్ బండ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే, సంచీని గుండెకు హత్తుకుని, ధోతిలో మిగిలిన బట్టను రాతికి అప్పగిస్తూ జారి, చక్కెర కోసం పట్టిన దుప్పటి నట్టనడుమ పడ్డాడు. పట్టుకున్నవాళ్లు వదల్లేదు. చక్కెర అనుకున్నారు కనుక వదల్లేదు.

దుప్పటి దించారు. లచ్చమ్మ లోపలికి చూసింది.

"గిదేంది? సేటే పడ్డడు. చక్కెర ఏది?"

"యాడి చక్కెర లచ్చమ్మా?"

"వస్తున్నదని నువ్వే ఒర్లితివి గదా!"

"నాకు చక్కర్ వచ్చిందే!"

"నీకొస్తే మాకియ్యవా?"

యెషయా దిగి వచ్చేసరికి అందరూ ఒకేసారి చెప్పారు. ఆయన చాలాసేపు విన్నాడు. ముఖం గంభీరమైంది. "అంటే మధుసూదన్ గారు ఈ గుట్ట మీద పంచదార దాచారంటారు."

"అవ్ సార్!"

"అయితే వెతకండి. ఒక్క సందు కూడా వదలకండి. నేనిక్కడే కూర్చుంటాను."

గుట్టను అంతకు ముందు ఎవరూ అలా తనిఖీ చేసి ఉండరు. దూరగలిగిన సందులో మనిషి దూరాడు, దూరలేనిదాంట్లో కర్ర దూరింది. దొరికినవి ఒక పాము కుబుసం, మేకల కాపరి ఎవడో పోగొట్టుకున్న ఒంటి చెప్పు, పగిలిన కుండ మూతి. గంట గడిచేసరికి కోపం తగ్గి, ఆయాసం మిగిలింది. లచ్చమ్మ మాత్రం చివరి లెక్క వదల్లేదు.

"సార్, గా సంచి జెర చూడుండ్రి."

మధుసూదన్ కళ్లు మూసుకున్నాడు. యెషయా సంచీలోంచి ఇత్తడి డబ్బా తీశాడు. మూత తీశాడు. అడుగున నేతి జిడ్డు మెరిసింది. డబ్బాను అందరి ముందూ తలకిందులు చేశాడు. ఏమీ రాలలేదు.

"ఖాళీ," అన్నాడు.

"మరి సేటు మీసాలకు పచ్చగ ఏందది?"

"బండ మీది నాచు," అన్నాడు మధుసూదన్ మీసం తుడుచుకుంటూ. యెషయాకు దగ్గు వచ్చి అటు తిరిగాడు.

తిరిగి ఇటు చూశాక ఆయన లేచి నిలబడి చెప్పాడు. "చూశారుగా. ఈయన దగ్గర పంచదార లేదు, దాచిందీ లేదు. ఇంతమంది వెతికి తేల్చిన మాట నేనే రాస్తాను. నిన్న రాత్రి స్టేషనుకు పంచదార వ్యాగన్ వచ్చింది. వచ్చే వారంలో బోయిగూడ వాటా ఈయన దుకాణంలోనే ఇస్తాం."

"గా ముచ్చట ముందుగాల చెప్తే గుట్ట ఎందుకెక్కుదుము సార్?" అంది లచ్చమ్మ. కానీ ఎండ నునువెచ్చగా ఉంది, దూరంగా చెరువు మెరుస్తోంది, ఎవరికీ కదలాలని లేదు. కట్టుకొచ్చిన జొన్నరొట్టెలు విప్పారు. లచ్చమ్మ ఒక రొట్టె మీద ఎర్రకారం వేసి ఇన్‌స్పెక్టరు ముందు పెట్టింది.

"మీకు లైసెన్సు ఏమీ లేదు కదమ్మా?"

"లేదు సార్."

"అయితే పెట్టండి," అని యెషయా సంతోషంగా తిన్నాడు. మధుసూదన్‌కు కూడా ఇచ్చారు. ఆయన రెండు చేతులూ జోడించి వద్దన్నాడు.

తిరుగు ప్రయాణంలో జట్కా తిరుమలగిరి దాటాక యెషయా మెల్లగా అన్నాడు. "పొద్దున బండి ఎక్కగానే నాకు నేతి వాసన వచ్చిందండీ. పైన తీసి ఇస్తారేమోనని భయపడుతూనే ఎక్కాను. పోయినసారి ఒకాయన ఆ బండల మీదే జీడిపప్పు పెట్టాడు. ఆయన దుకాణం ఇప్పుడు మూతబడింది. మీరు పెట్టలేదు. డబ్బాలో ఏముండేదో నేనడగను. రేపు దుకాణానికి వచ్చి లైసెన్సు మీద సంతకం చేస్తాను. కొత్త సంవత్సరంలో ఇంకో చుట్టు వేద్దామా?"

"చుట్టే వేద్దాం సార్," అన్నాడు మధుసూదన్. చక్కర్ అన్న మాట ఆయన నోట ఇక రాదు.

ఇంటికి చేరేసరికి పుష్పమ్మ గడపలో నిలబడి ఉంది. చిరిగిన ధోతిని చూడలేదు, గీరుకుపోయిన మోచేతులను చూడలేదు. సంచీలోంచి డబ్బా తీసి, మూత తెరిచి, ముఖం వికసించగా అడిగింది.

"సారుకు లడ్డూలు మంచిగనిపించినయా?"

మధుసూదన్ గోడకు చేరగిలబడి, కళ్లు మూసుకుని, లెక్క తప్పకుండా జవాబిచ్చాడు.

"ఒక్కటి సుత మిగల్లే."