పెద్దసారును పీకేసిన ప్రోగ్రాం

జగిత్యాల ఎరువుల దుకాణంలో సాకేత్ రావు ఆ ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం మూడు దుకాణాల యజమాని అయిన మామయ్య కిషన్ రావు వచ్చేలోపు తన తెలివి చూపించి, సిరిసిల్ల దుకాణం పెత్తనం కొట్టేయాలి. చూపించాలంటే ముందు ఉండాలి కదా అని ఎవరూ అడగలేదు. మేనల్లుడాయె!

అతను రాసిన ప్రోగ్రాం కోరుట్ల, సిరిసిల్ల దుకాణాల సర్వర్లలోకి దూరి, లాగిన్ అయి కూడా పని చేయనివాళ్ల పేర్లు పట్టి, తొలగింపు నోటీసుతో సహా అక్కడ లాగిన్‌లో ఉన్న అందరి తెరల మీదా వేస్తుంది. "ఒక్కొక్కడు సిగ్గుతోని సావాలె," అంటూ మీట నొక్కాడు. ముందు ఒకచోట వేసి చూద్దామన్న బుద్ధి పుడితే అతను సాకేత్ రావు ఎందుకవుతాడు?

ఆ దుకాణాల్లో ఒక ఆచారం ఉంది. పొద్దున్నే అగరుబత్తి వెలిగించి, మొదటి లాగిన్ పెద్దసారు కిషన్ రావు పేరుతో చేస్తారు. శుభమని సాయంత్రం దాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఈ సంగతి మన మేధావికి తెలియదు. రెండు ఊళ్లలోనూ తెరలన్నిటి మీదా ఎర్రటి అక్షరాలు వచ్చాయి: "కిషన్ రావు ఏ పనీ చేయడం లేదు. ఇతన్ని నేటి నుంచి తొలగిస్తున్నాము. ఇట్లు, సాకేత్ రావు."

కోరుట్ల మేనేజరు రాజేశం వెంటనే ఫోన్ చేశాడు. "చిన్నసార్, పెద్దసారును తీసేసిన్రట గదా! మంచి పని జేసిన్రు. నేను ముందునుంచి మీ మనిషినే. శాలువ పట్టుకొని అస్తున్న!"

"అయ్యో, గట్ల కాదు రాజేశం..." అనేసరికే అవతలివాడు ఫోన్ పెట్టేశాడు.

సిరిసిల్లలో బిల్లులు కొట్టే మానస ఫోన్లోనే ఏడ్చింది. "మామను ఎల్లగొడ్తరా సార్? మీకు సిగ్గనిపిస్తలేదా? మేం బిల్లులు కొట్టం. పెద్దసారుకు సుత ఫోన్ చేసి చెప్పిన!"

సాకేత్ చెమటలు తుడుచుకుంటూ క్షమాపణ టైపు చేసి పంపాడు. ఆ దిక్కుమాలిన ప్రోగ్రాం ఏం పంపినా ముందు పేర్లు వెతికి తొలగింపు వేస్తుంది. క్షమాపణ తెర కిందికి పోయి ఎవరికీ కనపడలేదు. ఎన్నిసార్లు సర్దిచెప్తే అన్నిసార్లు మామయ్య ఉద్యోగం ఊడింది.

రాజేశం రానే వచ్చాడు. సాకేత్ భుజాల మీద శాలువా కప్పుతుండగా కిషన్ రావు లోపలికి అడుగుపెట్టాడు. రాజేశం ఆ శాలువానే లాగి పెద్దసారుకు కప్పేశాడు. "మీకోసమే తెచ్చిన సార్!"

సాకేత్ మామయ్య కాళ్ల మీద పడ్డాడు. "తప్పయింది మామయ్యా! నాకు సిరిసిల్ల వద్దు, ఏం వద్దు!"

"ఏడుస్తవేందిరా?" కిషన్ రావు పకపకా నవ్వాడు. "నన్నెవడు తీసేస్తడా అని ఎన్నేండ్ల నుంచో సూస్తున్న. సిరిసిల్ల ఒక్కటేంది, మూడు దుకాణాలు నువ్వే ఏలు. ఇగో తాళాలు."

సాకేత్ ఛాతీ ఉబ్బింది. కిషన్ రావు కారెక్కుతూ బయటి జనాన్ని వేలెత్తి చూపించాడు. "గీ లైన్ అంత యూరియాకే. బస్తాలు సగం మందికే ఉన్నయ్. మిగిలినోళ్లకు నువ్వే చెప్పుకో."

కారు కదిలిందో లేదో, బుగ్గారం రైతు దేవయ్య లోపలికి దూసుకొచ్చి సాకేత్ కాలర్ పట్టుకున్నాడు. "కొత్త సేటువు నువ్వేనా? మా యూరియా ఏది?" అతని వెనకే లైనంతా లోపలికొచ్చింది.

సాకేత్ రావు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక ఉద్యోగిని "రాజేశం గారూ" అని పిలిచి, వెనక తలుపు ఎటుందని అడిగాడు.