నడిస్తేనే నడిచే వాచీ

వాచీల తయారీకి పేరుమోసిన మా జూరా లోయలో పిల్లాడు పుట్టగానే చెవి దగ్గర వాచీ పెడతారని, టిక్కుటిక్కుకి తల తిప్పితే వాచీల పనికి పనికొస్తాడని మా నాయనమ్మ చెప్పేది. నేను తిప్పలేదట. అందుకే పాల లారీ తోలుతున్నాను.

మా ఆవిడ లియోంటిన్ అలా కాదు. వాళ్ళ వంశమంతా వాచీల పనివాళ్ళే. ఫ్యాక్టరీలో కూర్చుని, ఇది ముందుకు పరిగెడుతోంది, అది వెనకపడుతోంది అంటూ కొత్త వాచీల నడత దిద్దుతుంది. ఇంటికొచ్చాక నా నడత దిద్దుతుంది.

మొన్న ఆకురాలే కాలంలో డాక్టరు నా గుండె విని పెదవి విరిచాడు. రోజూ నడవాలన్నాడు, చీజ్ తగ్గించమన్నాడు. నడక సంగతి సరే, చీజ్ అనగానే నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. చలికాలం ముందు వచ్చే వాష్రాన్ చీజ్‌ని దేవదారు బెరడు చుట్టిన చెక్క డబ్బాతో సహా ఓవెన్లో పెట్టి, కరిగాక ఉడికిన బంగాళాదుంపల మీద పోసుకోవాలి. అది లేని చలికాలం నాకెందుకు?

ఆ సాయంత్రమే లియోంటిన్ నా చేతికి ఒక వాచీ కట్టింది.

"ఏమండీ, ఇది ఆటోమేటిక్. కీ ఇవ్వక్కర్లేదు. లోపల ఒక బరువు బిళ్ళ ఉంటుంది. చెయ్యి కదిలితే అది తిరుగుతుంది, అది తిరిగితే స్ప్రింగు చుట్టుకుంటుంది. మీరు నడిస్తే ఇది నడుస్తుంది. మీరు చతికిలబడితే ఇదీ చతికిలబడుతుంది."

"ఆగిపోతే?"

"చలికాలమంతా వాష్రాన్ లేదు."

"అంటే కట్టుకున్న మొగుడి మీద నిఘా?"

"అయ్యో, నిఘా ఏమిటండీ! కానుక."

మర్నాడు పాలు దింపేసి గాస్పార్ కేఫ్‌లో కూర్చున్నాను. లారీ కుదుపులు చాలవా అని నా ధీమా. ఆ మర్నాడు సాయంత్రం చూసుకుంటే వాచీ కాస్తా ఆగిపోయింది.

చెయ్యి ఊపాను. కదల్లేదు. రెండు చేతులూ ఊపాను. పిలుస్తున్నాననుకుని గాస్పార్ ఇంకో గ్లాసు వైను తెచ్చాడు. కాదనలేకపోయాను.

ఆ రాత్రి చొక్కా చెయ్యి కిందికి లాక్కుని గడిపేశాను. తెల్లారగానే మా కుక్క డ్యూక్ మెడకి వాచీ కట్టి పచ్చిక బీడులోకి తోలాను. అది ఊళ్ళో ఆవులన్నిటినీ తరిమి, కంచె విరగ్గొట్టించి, నాలుక వేలాడేసుకుని వచ్చింది. వాచీ మాత్రం ఉలకలేదు, పలకలేదు.

"నువ్వూ నా బాపతేనట్రా? ఏ చెట్టు కింద పడుకున్నావు?" అన్నాను. డ్యూక్ రోజంతా నా మొహం చూడలేదు.

తర్వాత పాల సొసైటీలో వెన్న చిలికే డ్రమ్ములో వేశాను, గుడ్డలో చుట్టే వేశాను. డ్రమ్ము మూత ఊడి మీగడంతా గోడలకెక్కింది. సొసైటీ పెద్దాయన మా తాతముత్తాతల్ని కూడా వదల్లేదు. వాచీ వెన్న పూసుకుని హాయిగా నిద్రపోతోంది.

గోడు విని గాస్పార్ తల కొట్టుకున్నాడు. "ఓరి వెర్రివాడా! ఆటోమేటిక్ అయినా పక్కనున్న బొడిపె తిప్పితే కీ ఎక్కుతుంది."

తిప్పాను. టిక్కుటిక్కుమంది! తిప్పగా తిప్పగా ఇక కదలనని బిగుసుకుంది. కడుపు నిండింది కాబోలు అనుకున్నాను.

ఇక రోజూ లారీలో కీ ఇవ్వడం, కేఫ్‌లో కాళ్ళు చాపడం.

"నడిచారా?"

"కాళ్ళు పీకేస్తున్నాయనుకో!"

లియోంటిన్ వాచీ చెవిన పెట్టుకునేది, నాకేసి చూసేది, ఏమీ అనేది కాదు. అది గౌరవమని నేను మురిసిపోయాను.

వాష్రాన్ వచ్చిన ఆదివారం మా మావయ్య ఒక్టావ్ కూడా భోజనానికి వచ్చాడు. ఇల్లంతా ఘుమఘుమ. నేను కంచం ముందుకి తోసి, చెయ్యి పైకెత్తాను.

"చూడు! ఆగిందా?"

ఆవిడ వాచీ విప్పి వాళ్ళ నాన్నకిచ్చింది. ఆయన చాకుతో వెనక మూత లేపి, పొలమారేదాకా నవ్వాడు. "అల్లుడూ, ఇందులో బరువు బిళ్ళ ఏదయ్యా? ఇది కీ ఇచ్చుకునే వాచీ! చివరికొచ్చాక బొడిపె బిగుసుకుందా?"

"బిగుసుకుంది," అన్నాను గొప్పగా. అన్నాక నాలుక కరుచుకున్నాను.

"ఆటోమేటిక్ అయితే బిగుసుకోదు. ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంటుంది."

నేను లేచాను. "దగా! అంటే నేనెంత నడిచినా ఇది ఆగిపోయేదే!"

"ఆగిపోయేదే," అంది లియోంటిన్. "అప్పుడు మీరు 'కాళ్ళరిగేలా తిరిగానే, నీ దిక్కుమాలిన వాచీ ఆగిపోయిందే' అని ఇల్లెగిరిపోయేలా పోట్లాడేవారు. ఆ పోట్లాట కోసం రోజూ ఎదురుచూశానండీ. వాచీ ఆగలేదు. మీరూ పోట్లాడలేదు."

నేను మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను.

"రాత్రి మీరు నిద్రపోయాక మీ గుండె మీద చెవి పెట్టి వింటున్నాను," అంది. "దానికి కీ ఇవ్వడం నాకు చేతకాదు. రేపట్నుంచి మన ఊరి సరస్సు చుట్టూ నడక. నేనూ వస్తాను."

సరేనన్నాను. నాకు వట్టి బంగాళాదుంపలు వడ్డించారు.

మావయ్య చీజ్ డబ్బా అడుగు రొట్టెతో తుడుచుకుంటూ, ఎంతో మర్యాదగా, "ఉప్పు అందించనా అల్లుడూ?" అన్నాడు.

లియోంటిన్ ఉప్పు డబ్బా తన వైపుకి లాక్కుంది. అది కూడా గుండెకి మంచిది కాదట.