ముక్కు మార్పు ధ్రువీకరణ

మనిషికి ముఖం ఇచ్చింది ఎవరైనా, అది అతనిదేనని ఒప్పుకునే అధికారం మాత్రం ఆఫీసు గుమ్మంలో ఉన్న హాజరు యంత్రానిదే.

ఈ సత్యం తెలియని రికార్డు గుమాస్తా ఒక ఆదివారం ఉదయం కూతురు కొనుక్కున్న భూతద్దపు అద్దంలోకి తొంగిచూశాడు. ముక్కు నిండా నల్ల నువ్వులు చల్లినట్టు బ్లాక్‌హెడ్స్! ఇరవై రెండేళ్లుగా ఆఫీసులో తనతో మాట్లాడిన ప్రతి మనిషీ ఈ నువ్వులే లెక్కపెట్టుకున్నాడన్నమాట.

వెంటనే మరదలికి ఫోన్ చేశాడు. ఆవిడ చర్మవైద్యుడి దగ్గర నర్సు.

"గిల్లకండి బావగారూ, మీకు దణ్ణం పెడతాను. గోరువెచ్చని నీళ్లతో మెల్లగా కడుక్కోండి. డాక్టరుగారు రాసిచ్చే మందు పల్చగా పూయండి. ఆరు వారాలు ఓపిక పట్టండి, చాలు."

"ఆరు వారాలా!"

(జనం దరఖాస్తులను ఆరు నెలలు తొణక్కుండా దాచుకునే మనిషికి సొంత ముక్కు దగ్గర మాత్రం ఓపిక చాల్లేదు.)

ఫోన్ పెట్టేసి, రెండు బొటనవేళ్ల గోళ్లతో పని మొదలుపెట్టాడు. గంట తర్వాత భార్య గదిలోకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏవండీ, అది ముక్కా, పండు మిరపకాయా?"

సోమవారం యంత్రం ముందు నిలబడితే తెర మీద అక్షరాలు వెలిగాయి: 'మిమ్మల్ని గుర్తించలేదు. మీరు వచ్చాక మళ్లీ ప్రయత్నించండి.'

"నేనే కదయ్యా!" అన్నాడు కాపలాదారుతో.

"మీరేనని నాకు తెలుసు సార్. నాకు తెలిస్తే చెల్లదు."

ఆ గురువారమే పదోన్నతి జాబితా. మూడు రోజులు హాజరు పడకపోతే పేరు కొట్టేస్తారు. ఎనిమిదేళ్లుగా కాచుకున్న పేరు! గుమాస్తా ఆదరాబాదరా ముఖ వ్యవహారాల అధికారి దగ్గరికి పరుగెత్తాడు.

"వాపు తాత్కాలికమా, శాశ్వతమా?" అన్నాడాయన తలెత్తకుండా.

"తాత్కాలికమేనండీ."

"అయితే తాత్కాలిక ముక్కు ఫారం నింపండి. మీ పాత ముక్కు ఎలా ఉండేదో తెలిసిన ముగ్గురు సహోద్యోగుల సాక్ష్యం జతచేయండి."

గుమాస్తాకు ప్రాణం లేచొచ్చింది. ముగ్గురేం ఖర్మ, ముప్పైమంది దొరుకుతారు! ముందు తన ఎదురు సీట్లో పదకొండేళ్లుగా కూర్చున్న టైపిస్టు దగ్గరికి వెళ్లాడు.

"నా ముక్కు మీద బ్లాక్‌హెడ్స్ ఉండేవని ఒక్క సంతకం పెట్టమ్మా."

ఆవిడ అతని ముఖంలోకి పరీక్షగా చూసింది. బహుశా మొదటిసారి. "మీకు ఉండేవా సార్?"

క్యాంటీన్ ఆయన నొచ్చుకుంటూ చెప్పాడు: "మీ టీ కప్పు అయితే వందలో ఉన్నా పట్టేస్తాను సార్. ముఖమంటే..."

ఇక మిగిలింది పై అధికారి. ఆయన కాగితం ఆసాంతం చదివి, కళ్లద్దాలు సవరించుకుని, మర్యాదగా అడిగాడు.

"సంతకానికేం భాగ్యం? ఇంతకీ మీరు ఏ సెక్షనండీ?"

గుమాస్తా ఖాళీ ఫారంతోనే తిరిగొచ్చాడు. ముఖ వ్యవహారాల అధికారి ఏమాత్రం చలించక, ఆ ఖాళీలన్నిటినీ చూసి, తృప్తిగా ఉత్తర్వు రాశాడు: 'దరఖాస్తుదారు పాత ముక్కును ఎవరూ గమనించినట్టు దాఖలాలు లేవు. కనుక కొత్త ముక్కు వల్ల కార్యాలయానికి ఎటువంటి మార్పూ లేదు. హాజరు మంజూరు.'

గురువారం జాబితా గోడకెక్కింది. పేరు అతనిదే. పక్కనున్న ఫొటో మాత్రం జమాఖర్చుల సెక్షను ఆయనది.

సాయంత్రం దాకా ఇరవైమంది వచ్చి చేయి కలిపి అభినందించారు. ఫొటో చాలా బాగా పడిందన్నారు.