నోరు లేని చిమ్మెట

ఊళ్లో ఏ ఉన్ని కోటుకూ చిల్లు లేదని పురపాలక సంఘం వారు మైకులో ప్రకటించిన రోజున, చిల్లులు పూడ్చి బతికే రఫూ పిన్ని తన కొట్లో కూర్చుని ఒక కోటు వీపులోంచి వీధిని చూస్తోంది. వీధి చక్కగా కనిపిస్తోంది. మైకు కట్టిన బండి కూడా కనిపించింది.

"విన్నావా వదినా?" అంది పక్కన గుండీలు కుడుతున్న ఆడపడుచు. "చిల్లులే లేవట. అయితే ఇన్నాళ్లూ మనం గాలికి కుట్లేస్తున్నామన్నమాట!"

పిన్ని తల వంచుకుని సూదిలో దారం ఎక్కించింది. ఏ మొహంతో పలుకుతుంది? అసలు ఈ కథంతా ఆవిడ నోటి నుంచే మొదలయింది.

చలికాలం ఇంకా రాని రోజుల మాట. పురపాలక సంఘం అధ్యక్షులవారి నల్ల కోటు రఫూకి వచ్చింది. పిన్ని దాన్ని గుమ్మంలో దులిపింది. దులపగానే బియ్యపుగింజ పాటి కూడా లేని రెక్కల పురుగొకటి లేచింది. ఒళ్లంతా బంగారు పొడి, నెత్తిన ఎర్రటి కుచ్చు. ఆడపడుచు చెప్పు తీసింది. సరిగ్గా అప్పుడే, చిరిగిన మఫ్లరు పట్టుకుని గుమ్మం ఎక్కిన పురుగుల ప్రొఫెసరుగారు "ఆగమ్మా!" అని కేకపెట్టి, టీ గ్లాసు బోర్లించి పురుగును పట్టేశారు.

ప్రొఫెసరుగారు సామాన్యులు కారు. అడవులన్నీ గాలించి పురుగు పురుగుకూ పేరు పెట్టినవారు. కాకపోతే ఆయన భార్య పెట్టెల్లో దోసిళ్లతో కలరా ఉండలు పోసే మనిషి. అంచేత ఇళ్లలో బట్టలు కొట్టే చిమ్మెట అనేది మాత్రం ఆయన జన్మలో కంటపడలేదు.

"ఇది లోకంలో ఎవరూ చూడని జాతి. మీ కొట్లో ఇంతకుముందు ఎప్పుడైనా కనిపించిందా అమ్మా?"

ఇప్పుడు మీరే చెప్పండి. పదిమంది నమ్మి ఉన్ని బట్టలు వదిలివెళ్లే చోట చిమ్మెటలున్నాయని ఏ పిచ్చిది ఒప్పుకుంటుంది?

"అబ్బే, నా కొట్లోనా! పుట్టి బుద్ధెరిగాక ఇలాంటిది చూళ్లేదండీ" అంది పిన్ని.

ఆ సాక్ష్యంతో శాస్త్రం ముందడుగు వేసింది. జాతి నిర్ధారణ కావాలంటే పురుగును చంపి, సూది గుచ్చి, భూతద్దం కింద పెట్టాలట. లోకంలో ఉన్నది అదొక్కటే అన్నారు గనుక, ఆ ఒక్కదాన్నీ చంపి, అది చాలా అరుదైనదని తేల్చారు. సూది పిన్నిదే.

ప్రొఫెసరుగారి ప్రయోగశాల కప్పు చాన్నాళ్లుగా కారుతోంది. అందువల్ల ఆయన పురుగుకు అధ్యక్షులవారి పేరు పెట్టారు. కప్పు వెంటనే బాగయింది.

నామకరణ సభలో అధ్యక్షులవారు గద్గదస్వరంతో సెలవిచ్చారు: "ఈ చిన్న ప్రాణిలో నన్ను నేను చూసుకుంటున్నాను! ఇది వెలుగు కోరదు. చప్పుడు చెయ్యదు. ప్రజల ఇళ్లలోనే, ప్రజల పెట్టెల్లోనే ఉంటూ, తన పని తాను చేసుకుపోతుంది!" చప్పట్లు ఆగలేదు. ఆ వేడిలోనే కలరా ఉండలు నిషేధించారు. పెట్టె మూత తీసి బట్టలు దులపడాన్ని జీవహింసలో చేర్చారు. వేదిక మీద పిన్నికి కూడా కుర్చీ వేశారు. ఆవిడ దాంట్లో సూదిలా నిటారుగా కూర్చుంది.

చలి వచ్చింది. ఊరు పెట్టెలు తెరిచింది.

"పిన్నీ, మా ఆయన కోటు భుజమంతా అధ్యక్షులవారే!" అని ఒకావిడ, "మా మామగారి శాలువలో అధ్యక్షులవారు పిల్లాపాపలతో కాపురం పెట్టారు" అని ఇంకొకావిడ. తప్పు వాళ్లది కాదు. పేరు పెట్టింది పెద్దలు, పిలిచింది జనం. ఈ మాటలు తిరిగి తిరిగి ఆ పేరుగలవారి చెవినే పడ్డాయి.

అధ్యక్షులవారు ప్రొఫెసరుగారిని పిలిపించారు. ప్రొఫెసరుగారు భూతద్దం తీశారు, ఆ తర్వాత కొత్త కప్పు తలుచుకున్నారు. తలుచుకుని, పచ్చి నిజమే చెప్పారు. ఈ జాతి రెక్కల పురుగుకు తినడానికి నోరే ఉండదు. ఉన్ని తినేది దాని పిల్ల పురుగు. ఆ పిల్లను శాస్త్రం ఇంకా గుర్తించలేదు. గుర్తించమని ఎవరూ అడగలేదు కూడా.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అసలు నోరే లేకపోతే ఇంకెంత మంచిదో చూడండి. నోరు లేనిది తినలేదు. తినకపోతే చిల్లు పడదు. కనుక చిల్లులు లేవు. మైకు బండి వీధులన్నీ తిరిగింది.

బండి వెనకాలే పురపాలక సంఘం ఇనస్పెక్టరు వచ్చాడు. "చిల్లులే లేవు కదా, మరి నువ్వేం కుడుతున్నట్టు?"

"బాబూ, ఇదిగో, నీ వేలు పెట్టి చూడు."

వేలు అవతలికి వెళ్లింది. ఇనస్పెక్టరు దాన్ని కాసేపు చూసి, వెనక్కి తీసుకుని, "నాకేం కనిపించలేదు" అన్నాడు. కొట్టు ముందు తలుపుకు తాళం పడింది.

"చూళ్లేదండీ అన్నావుగా వదినా, అనుభవించు" అంది ఆడపడుచు. "ఇప్పుడు ఊరంతా చూళ్లేదండీ అంటోంది."

ఇద్దరూ వెనక గదిలో గంజి తాగుతూ, ఈ చలికాలం ఎలా గడుస్తుందిరా దేవుడా అనుకుంటుంటే, సందు వైపు తలుపు చప్పుడైంది. తీస్తే అధ్యక్షులవారు! ఆ నల్ల కోటే, వెనకభాగానికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"అమ్మా, దీనికి... గాలి కాస్త ఎక్కువగా తగులుతోంది."

"చిల్లాండీ?"

"ఛఛ! చిల్లెక్కడిది?"

"అయితే ఇలా ఇవ్వండి" అంది పిన్ని. లేని చిల్లును ఉన్న దారంతో కుట్టి పంపింది. వెళ్తూ వెళ్తూ ఆయన ముందు తలుపు తాళం గురించి ఒక్క ముక్క అనలేదు. వెనక తలుపు గురించీ అనలేదు.

మర్నాటి నుంచి సందులో వరస. ప్రొఫెసరుగారు మఫ్లరుతో, ఇనస్పెక్టరు స్వెట్టరుతో. ఒకరినొకరు చూసుకుని, చలి ఎలా ఉందని కుశలమడుగుతారు. చేతిలో మూటేమిటని ఎవరూ ఎవరినీ అడగరు.

మొన్న కొట్లో మళ్లీ బంగారు పురుగొకటి లేచింది. ఆడపడుచు చెప్పు తీసింది.

"ఉండవే, చంపకు" అంది పిన్ని. "ఆయన పిల్లలు తింటేనే మనకి తిండి."

మీ కోటుకు చిల్లు లేదంటారా? సంతోషం. ఒక్కసారి వెలుగుకెత్తి చూసుకుని, మా పిన్ని కొట్టు వెనక సందుకు పొద్దున్నే రండి. ఆలస్యమైతే వరస పొడుగైపోతుంది. తెలిసినవాళ్లంతా అక్కడే ఉంటారు లెండి, ఎవరూ ఏమీ అనుకోరు.